తారుమారైన రెండు వరసలు

రేకులు ఒత్తే ప్రెస్సు పడ్డ చప్పుడు బుల్లికి కొత్త కాదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చప్పుడు వింటూనే పెరిగింది. కానీ ఆ ఉదయం అది పడ్డప్పుడు ఇనుము మీద ఇనుము పడ్డ మోత రాలేదు. ఏదో మెత్తటిదాని మీద పడ్డట్టు చప్పుడు అణగిపోయింది. ఆ వెంటనే అరుపు.

అద్దాల గదిలో కంప్యూటరు ముందు కూర్చున్న బుల్లి వేలు ఇంకా ఎంటర్ మీట మీదే ఉంది. ఎదురుగా స్క్రీన్ నల్లబడి, దాని నిండా తెల్లటి అక్షరాలు గబగబా పరిగెత్తి ఆగిపోయాయి. ఆమె వాటిని చదవలేదు. కుర్చీ తన్నేసి షెడ్డులోకి పరిగెత్తింది.

పనివాడు పిచ్చుక ప్రెస్సు ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా రెండు అచ్చుల మధ్య ఇరుక్కుపోయి ఉంది. అతను అరవడం ఆపేసి తన చేతికేసి తెల్లబోయి చూస్తున్నాడు, అది ఎవరిదో అన్నట్టు. అచ్చు అంచు నుంచి రక్తం కారి, రేకు ముక్కల మీదుగా నేల మీదికి జారుతోంది.

"లేపండ్రా! ముందు దాన్ని పైకి లేపండి!" అని బుల్లి అన్నయ్య అరుస్తున్నాడు.

కంప్యూటరు చచ్చిపోయాక ప్రెస్సు ఎవరి మాటా వినదు. చేతి పంపుతో కొట్టి లేపాలి. ఇద్దరు పనివాళ్ళు పంపు పట్టుకుని ఊగిపోతుంటే పైదిమ్మ చీమ నడకతో కదిలింది. అది లేచేసరికి పిచ్చుక వెనక్కి విరుచుకు పడిపోయాడు. మణికట్టు కింద చెయ్యి అనదగ్గదేదీ మిగల్లేదు. అన్నయ్య తన బెల్టు ఊడదీసి మోచేతి కింద బిగించి కట్టాడు. బుల్లి పిచ్చుక తల ఒళ్ళో పెట్టుకుంది. పిచ్చుక ఒకసారి కళ్ళు తెరిచి, "అక్కా, మా ఆవిడకి మాత్రం నువ్వే చెప్పు. మా అన్నకి ఇంకెవరైనా చెప్పండి" అన్నాడు. అంతలోనే స్పృహ తప్పింది.

పిచ్చుక అసలు పేరు షెడ్డులో ఎవరూ వాడరు. మనిషి బక్కపలచగా, చురుగ్గా ఉంటాడు. ఒక్కచోట నిలవడు. అందుకని ఆ పేరు. పెళ్ళై ఏడాది కూడా కాలేదు. తలుపు బందులు ఒత్తే ఆ ప్రెస్సు మీద అతనంత వేగంగా పని చేసేవాళ్ళు లేరు. షెడ్డు బుల్లి తండ్రిది. ఆయన పోయాక అన్నయ్య నడుపుతున్నాడు. బుల్లి వేరే కంపెనీలో ప్రోగ్రామరు. కెర్నెల్ అంటే కంప్యూటరుకి గుండెకాయ లాంటిది. దానిలోపల కూర్చుని, బయటి యంత్రంతో మాట్లాడే చిన్న ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. ఈ ప్రెస్సును ఆడించే కార్డుకి, అంటే కంప్యూటరులో గుచ్చే సర్క్యూటు పలకకి, అలాంటి డ్రైవర్ బజార్లో దొరకదు. కొన్నేళ్ళ కిందట బుల్లి తన చేతుల్తో రాసిచ్చింది. అప్పటినుంచీ అది నోరు మెదపకుండా పని చేసింది.

ఈమధ్య పాత కంప్యూటరు కాలిపోయింది. కొత్తది కొన్నారు. బుల్లి తన డ్రైవర్‌ని కొత్త కెర్నెల్‌కి సరిపోయేలా మార్చి తెచ్చింది. దాన్ని ఎక్కించగానే కంప్యూటరు కుప్పకూలింది. ఒకసారి కాదు, ఎక్కించిన ప్రతిసారీ కూలింది. ప్రెస్సుకి తీగలు తగిలించకుండా ఇంట్లో ఎంత వెతికినా కారణం అందలేదు. షెడ్డులో అసలు కార్డుతోనే చూద్దామని ఆ ఉదయం వచ్చింది. ఎంటర్ కొట్టే ముందు తలుపులోంచి కేకేసింది కూడా.

"అన్నయ్యా, ప్రెస్సు మోటారు ఆపారా?"

"ఆపాం, కానీయ్!"

పక్కనున్న గ్రైండర్ల రొదలో ఏ మోటారు తిరుగుతోందో, ఏది ఆగిందో చెవికి తెలియదు. లేచి వెళ్ళి చూసుకుంటే సరిపోయేది. ఆమె లేవలేదు.

ఆసుపత్రిలో సర్జను మిగిలిన చెయ్యి మోచేతికి కాస్త కిందుగా తీసేశాడు. వరండాలో అన్నయ్య పిచ్చుక భార్యతో, ఆ వెనకే వచ్చిన పోలీసుతో మాట్లాడుతుంటే బుల్లి వింది.

"ఏం చెప్పమంటారండీ, అచ్చులో తుక్కు తీస్తూ తీస్తూ తనే పెడల్ తొక్కేశాడు. వేగం ఎక్కువ కదా కుర్రాడికి. ఎన్నిసార్లు చెప్పానో."

పిచ్చుక భార్య తలాడిస్తూ ఏడుస్తోంది, అదే నిజమన్నట్టు.

మర్నాడు షెడ్డు మూసేశారు. పనివాళ్ళని ఇళ్ళకి పంపేశారు. అన్నాచెల్లెళ్ళిద్దరే లోపలున్నారు. నేల కడిగారు గానీ ప్రెస్సు కాళ్ళ సందుల్లో ఇంకా నల్లగా ఎండిపోయి ఉంది. బుల్లి ముందుగా ప్రెస్సు పక్కనున్న కరెంటు పెట్టె తెరిచింది. ఆమెకి నిన్నటి నుంచీ ఒకటే ప్రశ్న. కంప్యూటరు కూలితే కూలింది, ప్రెస్సు ఎందుకు పడాలి? అలా పడకుండా ఉండటానికే అందులో కాపలాకి ఒక రిలే ఉంది. కంప్యూటరు నుంచి ఊపిరి ఆగినట్టు తెలియగానే అది టక్కున కరెంటు కోసేస్తుంది. ఆ రిలే పెట్టించింది వాళ్ళ నాన్నే.

రిలే ఉంది. దాని రెండు కాళ్ళనీ కలుపుతూ ఒక ఎర్ర తీగ మెలిపెట్టి ఉంది. ఆ తీగ ఉన్నంతసేపూ రిలే ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

"ఇదెవరు కట్టారు?"

అన్నయ్య పెట్టె తలుపు మూయబోయాడు.

"నిన్నే అడుగుతున్నా. ఎవరు కట్టారు?"

"కొత్త కంప్యూటరు కూలినప్పుడల్లా ఆ దరిద్రం కరెంటు కోసేస్తోంది. మళ్ళీ అంతా మొదటినుంచి మొదలెట్టాలి. ఈ నాలుగు రోజులూ కంప్యూటరు లేకుండా పెడల్‌తోనైనా నడుపుకుందామని ఎలక్ట్రీషియన్‌తో కట్టించా. అయితే ఏంటి? నీ ప్రోగ్రాము సరిగ్గా ఉంటే దాని అవసరమే రాదుగా!"

"మోటారు?"

"ఆపితే మళ్ళీ నూనె వేడెక్కేసరికి పూటంతా పోతుంది."

"ఆపానని చెప్పావు."

"చెప్పా. అయిపోయింది. ఇప్పుడేం చేద్దామో చూడు. రేపు ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆ డిస్కు తుడిచెయ్యి. నీ డ్రైవరూ లేదు, ఏమీ లేదు. వాడే పెడల్ తొక్కాడు. అంతే."

"నేను తుడవను. అది ఎందుకు కూలుతోందో కనుక్కుంటాను. తర్వాత ఇద్దరం వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెబుదాం."

అన్నయ్య ఆమె చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆమె తూలి కరెంటు పెట్టె తలుపుకి గుద్దుకుంది. పెదవి చిట్లింది. చిన్నప్పుడు జుట్లు పట్టుకుని కొట్టుకున్న రోజులున్నాయి గానీ, పెద్దయ్యాక అతను చెయ్యెత్తడం అదే మొదలు. కొట్టాక అతనే బిత్తరపోయి తన అరచెయ్యి చూసుకున్నాడు.

అప్పుడే బయట షట్టరు మీద దెబ్బ పడింది. రెండో దెబ్బకి తాళం ఊడి లోపలికి దొర్లింది.

వచ్చింది పిచ్చుక అన్న. పాత బండ్లు విరగ్గొట్టే యార్డులో పని. అతన్ని గునపం అని పిలుస్తారు, ఆ పేరు తెలియనివాళ్ళు ఆ వీధుల్లో లేరు. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి పెంచింది అతనే. వెంట యార్డులో పనిచేసే వెల్డరు ఉన్నాడు. గునపం చేతిలో జాకీ ఊచ ఉంది. అతని కళ్ళు రాత్రంతా ఏడ్చినట్టు వాచిపోయి ఉన్నాయి. ఒక్క మాటా అనకుండా నేరుగా అద్దాల గది దగ్గరికి వెళ్ళి ఊచతో అద్దాలన్నీ వరసగా పగలగొట్టుకుంటూ వచ్చాడు. అద్దాలు అయిపోయాక అన్నయ్య వైపు తిరిగాడు.

"ఆగు, కూర్చుని మాట్లాడుకుందాం..." అని అన్నయ్య చేతులు ముందుకు చాపాడు.

ఊచ అడ్డంగా వచ్చి మోకాలి మీద తగిలింది. ఎండుకట్టె విరిగినట్టు వినిపించింది. అన్నయ్య కుప్పలా పడ్డాడు. గునపం అతని జుట్టు పట్టి పైకెత్తి ముఖం మీద గుద్దాడు. ముక్కు పక్కకి ఒరిగింది. రక్తం గడ్డం మీదుగా చొక్కాలోకి దిగింది. బుల్లి అడ్డం వెళితే వెల్డరు వెనకనుంచి రెండు రెక్కలూ విరిచిపట్టుకున్నాడు.

"నా తమ్ముడు పెడల్ తొక్కాడన్నావంట?" అన్నాడు గునపం. గొంతు పెద్దది చెయ్యలేదు. "వాడికి మెలకువొచ్చాక అడిగా. నా కాళ్ళు పెడల్ దగ్గరే లేవన్నా అన్నాడు. వాడు నాతో అబద్ధం ఆడడు. చిన్నప్పుడు దొంగతనంగా పంచదార తిన్నా వాడే వచ్చి చెప్పేవాడు. ఇప్పుడు చెప్పు. ఎవరిది అబద్ధం?"

"మిషన్... మిషన్ తప్పు..." అన్నాడు అన్నయ్య నోట్లో రక్తంతో.

"సరే. అయితే మిషన్‌నే అడుగుదాం."

అతను అన్నయ్యని ప్రెస్సు దాకా ఈడ్చుకెళ్ళాడు. కుడిచెయ్యి కింది అచ్చు మీద పరిచి, మణికట్టు చుట్టూ కట్టుతీగ తిప్పి అచ్చు బోల్టులకి మెలిపెట్టాడు. యార్డులో తుక్కు మోపులు కట్టే మనిషి, ముడి వెయ్యడం కొత్త కాదు. అన్నయ్య కేకలు పెడుతుంటే నోట్లో నూనెగుడ్డ కుక్కాడు. తర్వాత మోటారు మీట పైకెత్తాడు. ప్రెస్సు గుర్రుమని లేచింది.

"ఏమ్మా, నిన్న ఆ గదిలో నువ్వే కదా కూర్చున్నది? నిన్న ఏం చేశావో ఇప్పుడూ అదే చెయ్యి. ప్రెస్సు పడకపోతే నా తమ్ముడిదే తప్పు, మీ అన్నకి దణ్ణం పెట్టి వెళ్ళిపోతా. పడితే, లెక్క సరిపోతుంది."

అది పడుతుందని బుల్లికి తెలుసు. రిలే మీద ఆ తీగ ఉన్నంతవరకు, డ్రైవర్ ఎక్కించిన మరుక్షణం పడుతుంది. పెట్టె దగ్గరికి వెళ్ళి ఆ తీగ ఒక్కటి పీకేస్తే చాలు. కానీ ఆ తీగ సంగతి గునపానికి తెలిసిందంటే అన్నయ్య చెయ్యితో ఆగదు.

"అన్నా, నా మాట వినండి. మీ తమ్ముడు పెడల్ తొక్కలేదు. అది నాకూ తెలుసు. నా ప్రోగ్రాము కూలింది కాబట్టే పడింది."

"అయితే ఇంకేం? కొట్టు."

"కొడతాను. కానీ ముందు ఒక చెక్కదుంగ పెట్టి చూద్దాం. మీ తమ్ముడి మాట నిజమని మీ కళ్ళతో మీరు చూస్తారు. అది ఎందుకు కూలుతోందో నాకూ తెలుస్తుంది. అది తెలియకుండా నన్ను చంపినా నేను చేసిందేమిటో నేను చెప్పలేను."

గునపం ఆమె ముఖంలోకి చూశాడు. చిట్లిన పెదవి మీద రక్తం చూశాడు.

"ఇది ఎవరు కొట్టారు?"

ఆమె చూపు అన్నయ్య మీదికి వెళ్ళింది. అతను అన్నయ్య వైపు చూసి నేల మీద ఉమ్మాడు. తీగ సడలించి, చెయ్యి పక్కకి జరిపాడు గానీ విప్పలేదు. అచ్చు మధ్యలో ఒక చెక్కదుంగ పెట్టాడు.

గాజుపెంకుల మధ్య బుల్లి కుర్చీ నిలబెట్టుకుని కూర్చుంది. ఊచ పట్టుకుని గునపం ఆమె భుజం పక్కనే నిలబడ్డాడు. నిన్నటి స్క్రీన్ అలాగే ఉంది. కూలినప్పుడు కంప్యూటరు తన చావు కారణాన్ని మొదటి వరసల్లోనే చెబుతుంది. ఆ తర్వాత వచ్చేదంతా కూలడం వల్ల కూలినవాటి జాబితా. స్క్రీన్ మీద మిగిలింది ఆ తోక మాత్రమే. ఇన్నాళ్ళూ ఆమె ఆ తోక పట్టుకునే ఈదుతోంది. బ్యాగులోంచి తన లాప్‌టాప్ తీసి, ఒక కేబులుతో ప్రెస్సు కంప్యూటరుకి కలిపింది. ఇప్పుడు అది చచ్చేలోపు అనే ప్రతి మాటా లాప్‌టాప్‌లోకి వచ్చి నిలుస్తుంది. తర్వాత కంప్యూటరుని మళ్ళీ లేపి, డ్రైవర్‌లో అక్కడక్కడ, 'ఇక్కడిదాకా వచ్చాను' అని చెప్పే మాటలు దూర్చింది. అక్షరాలు తప్పు పడుతున్నాయి. తుడిచి మళ్ళీ కొట్టింది.

"ఇంతసేపా?" అన్నాడు గునపం.

"ఇదిగో."

ఎంటర్ కొట్టింది.

ప్రెస్సు పడింది. దుంగ పేలిపోయినట్టు నాలుగు దిక్కులా చెక్కపేళ్ళు లేచాయి. ఒకటి వచ్చి వెల్డరు చెవి కోసుకుంటూ పోయింది. పక్కనే కట్టేసి ఉన్న అన్నయ్య గుడ్డ కుక్కిన నోటితోనే ఊళపెట్టాడు. పైదిమ్మ అతని వేళ్ళకి బెత్తెడు దూరంలో ఆగి ఉంది.

గునపం వెళ్ళి దిమ్మ కింద మిగిలినదాన్ని చూశాడు. చెక్క పీచుపీచు అయి అచ్చుకి అతుక్కుపోయింది. దాన్ని వేలితో ముట్టుకుని, అతను అక్కడే వంగిపోయి గుండెలవిసేలా ఏడ్చాడు. అంత మనిషి భుజాలు ఎగిరెగిరిపడ్డాయి. అతన్ని ఓదార్చే ధైర్యం ఎవరికీ లేదు.

బుల్లి లాప్‌టాప్ చూస్తోంది. మొదటిసారి మొదటి వరసలు కనిపించాయి. 'కార్డును లేపాను' అన్న మాట వచ్చింది. 'మెమరీ సిద్ధం' అన్న మాట రాలేదు. ఆ రెండింటి మధ్యే ప్రాణం పోయింది. ఏ ముక్క దగ్గర పోయిందో దాని పేరూ ఉంది. కార్డు పిలిచినప్పుడు పలకడానికి ఆమె రాసిన ముక్క అది.

కోడ్ తెరిచి చూసింది. కార్డును లేపే వరస ముందుంది. కార్డు చెప్పింది రాసుకోవడానికి మెమరీ కేటాయించే వరస దాని కింద ఉంది. కార్డు లేస్తూనే 'నేను సిద్ధం' అని ఒక కేక పెడుతుంది. పాత కంప్యూటరు మందకొడిది, ఆ కేక వినేసరికి మెమరీ కూడా సిద్ధమైపోయేది. కొత్తది వేగం. కేక వెంటనే వినపడుతుంది, అందుకోబోతే అక్కడ ఏమీ ఉండదు, ఆ శూన్యంలో కాలుపెట్టి కెర్నెల్ కూలిపోతుంది. కూలే సమయానికి కార్డు సగం లేచి, ప్రెస్సు వాల్వు తెరిచి ఉంటుంది.

ఇన్నేళ్ళూ ఆ తప్పు అందులోనే ఉంది. రెండు వరసలు. ఆమె రాసినవే.

పైవరసని కిందికి, కిందివరసని పైకి మార్చింది. ప్రోగ్రాము మళ్ళీ కట్టింది. ఆలోపు గునపం లేచాడు. చేతి పంపు కొట్టి దిమ్మని పైకి లేపాడు. అన్నయ్య చెయ్యిని మళ్ళీ అచ్చు మధ్యకి లాగి తీగ బిగించాడు. ఈసారి తీగ చర్మంలోకి దిగి నెత్తురు చిమ్మింది.

"నా తమ్ముడు అబద్ధం ఆడలేదు. ఇక కొట్టు" అన్నాడు.

బుల్లి కంప్యూటరుని మళ్ళీ లేపింది. సరిచేసిన డ్రైవర్ పేరు కొట్టింది. తన దిద్దుబాటు సరైనదేనా? సరైనదే అనిపిస్తోంది. ఇన్నాళ్ళూ అలాగే అనిపించింది కదా. కళ్ళు మూసుకుని ఎంటర్ కొట్టింది.

మోటారు గుర్రుమంటూనే ఉంది. దిమ్మ కదల్లేదు. స్క్రీన్ మీద ఒకదాని కింద ఒకటి మాటలు వచ్చాయి. మెమరీ సిద్ధం. కార్డును లేపాను. కార్డు పలికింది. పని సిద్ధంగా ఉంది. పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది.

గునపం రెండు అంగల్లో ఆమె మీదికి వచ్చాడు. "ఏం చేశావు? ఏదో మార్చావు!"

"మార్చాను. తప్పు దొరికింది. రెండు వరసలు తారుమారుగా రాశాను. అందుకే కూలింది. అందుకే మీ తమ్ముడి చెయ్యి పోయింది. ఆ తప్పు నాది."

తీగ సంగతి ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. అన్నయ్య కళ్ళు ఆమెని వద్దని వేడుకుంటున్నాయి.

అన్నయ్య ఎలాగో నోట్లో గుడ్డ ఉమ్మేశాడు. "విన్నావుగా!" అని గొంతు చించుకున్నాడు. "దాని నోటితో అదే చెప్పింది! దానిదే తప్పు! ఏం చేసుకుంటావో దాన్ని చేసుకో, నన్ను వదులు! నాకేం తెలీదు!"

గునపం అన్నయ్యని చూసి, బుల్లిని చూశాడు. అతనికే సిగ్గేసినట్టుంది. కానీ చేతిలో ఊచ ఉంది, ఆసుపత్రిలో తమ్ముడికి చెయ్యి లేదు.

"ఏ చేత్తో రాశావు?"

"రెండు చేతులతో."

అతను ఆమె ఎడమచెయ్యి పట్టి బల్ల మీద పరిచాడు. ఊచ దిగింది. ముంజేతి ఎముకలు రెండూ విరిగాయి. ఆమెకి కళ్ళముందు తెల్లగా మండింది. కుర్చీలోంచి గాజుపెంకుల మీద పడిపోయింది. అరిచిందో లేదో ఆమెకే తెలియదు. తేరుకునేసరికి గునపం ఊచ దించేసి ఉన్నాడు. మొదట వినపడింది అన్నయ్య గొంతే.

"అయిపోయిందిగా? ఇంక నా కట్టు విప్పు. విప్పరా బాబూ, నీ కాళ్ళకి దణ్ణం పెడతా."

ఆమె గురించి ఒక్క మాట లేదు. బతికుందా అని కూడా అడగలేదు.

బుల్లి నేల మీదనుంచే, "ఆ పెట్టె తెరిచి చూడండి" అంది.

"బుల్లీ!" అని అరిచాడు అన్నయ్య.

"అందులో కాపలాకి రిలే ఒకటుంది. నా ప్రోగ్రాము కూలినా ప్రెస్సు పడకూడదని మా నాన్న పెట్టించాడు. దాని మీద ఎర్ర తీగ కట్టించింది ఇతనే. మోటారు ఆపానని నాకు అబద్ధం చెప్పిందీ ఇతనే."

గునపం పెట్టె తెరిచాడు. తీగ చూశాడు. దాన్ని పీకి, గుప్పిట్లో పట్టుకుని, ప్రెస్సు దగ్గరికి నడిచాడు. మోటారు ఆపేశాడు. "నీకు ప్రెస్సెందుకులే" అన్నాడు. అచ్చు మీద కట్టేసి ఉన్న చేతి మీదికి ఊచ ఎత్తాడు. బుల్లి కళ్ళు మూసుకుంది గానీ ఒక చేత్తో రెండు చెవులూ మూసుకోలేకపోయింది. వెల్డరు, "చాలన్నా, చాలు, చచ్చిపోతాడు" అని లాగేదాకా దెబ్బలు ఆగలేదు.

గునపం పారిపోలేదు. విరిగిన షట్టరు దగ్గర నేల మీద కూర్చుని, పోలీసులు వచ్చేదాకా ఆ తీగముక్కని వేళ్ళ మధ్య మెలిపెడుతూ ఉన్నాడు.

కోర్టు విచారణ చాలాకాలం సాగింది. అన్నయ్య చెయ్యి ఉంది గానీ వేళ్ళు ముడుచుకోవు. రిలేని చంపించినందుకు, అబద్ధం చెప్పినందుకు అతనికి శిక్ష పడింది. షెడ్డు మూతపడింది. ప్రెస్సుని తుక్కు కింద ఎవరో పట్టుకుపోయారు. బుల్లి ఉద్యోగం మానేసింది. ఎముకలు అతికాయి, కాస్త వంకరగా. బోనులో నిలబడి డ్రైవర్ తప్పు తనదేనని చెప్పింది. అన్నయ్య వకీలు ఆమెని ఒకటే అడిగాడు. "కట్టేసి ఉన్న మనిషి ముందు ఆ తీగ సంగతి ఎందుకు చెప్పారు? నిజం చెప్పాలనా?"

"కాదు" అంది బుల్లి. "కోపం వచ్చి చెప్పాను."

అన్నయ్య తల ఎత్తలేదు. వదిన మాత్రం ఆ రోజు నుంచి ఆమె ముఖం చూడలేదు. గునపానికి కఠిన శిక్షే పడింది. మొదటి దెబ్బలతో ఆగి ఉంటే కొంత తగ్గేదని అక్కడివాళ్ళు అనుకున్నారు.

కొన్నాళ్ళకి బుల్లి పిచ్చుక ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తులో ఇరుకు గది. అతని భార్య తలుపు తీసి, ఎవరో చూసి, లోపలికి రమ్మనకుండా పక్కకి జరిగింది. పిచ్చుక ఎడమచేత్తో తంటాలు పడుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"అక్కా, కూర్చో" అన్నాడు. "కోర్టులో ఏదో చెప్పావంట, నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. అసలేం జరిగిందో నువ్వే చెప్పు."

ఆమె చెప్పింది. కార్డు, కేక, మెమరీ, రెండు వరసలు. ఎర్ర తీగ. ఏదీ దాచలేదు. అతను మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు, రెండూ సరైనవే. అర్థమైంది అన్నట్టు తలూపాడు.

"అక్కా, నీ తప్పు అర్థమైంది. ఎవరికైనా జరగొచ్చు. మీ అన్న తప్పూ అర్థమైంది. ఒక్కటే అర్థం కాలేదు. మా అన్న నీ చెయ్యి విరగ్గొట్టాక ఆగిపోయాడు కదా. ఊచ దించేశాడు కదా. అప్పుడు చెప్పావు ఆ తీగ సంగతి. ఏం జరుగుతుందో నీకు తెలుసు. చెప్పకుండా ఉంటే మా అన్న రెండేళ్ళకో మూడేళ్ళకో ఇంటికొచ్చేవాడు."

కోపం వచ్చిందని బుల్లి కోర్టులో చెప్పింది. ఇక్కడ ఆ మాట నోట్లోంచి రాలేదు.

"నాకోసం అయితే చెప్పలేదుగా?" అన్నాడు.

"లేదు."

"అదే అనుకున్నా." పిచ్చుక గుండీ వదిలేశాడు. "కాఫీ తాగి వెళ్ళక్కా. కానీ మళ్ళీ రావద్దు."

అతని భార్య కాఫీ తెచ్చింది. ముగ్గురూ తాగారు. బుల్లి గ్లాసు కింద పెట్టి లేచింది. ఆమె మెట్లు దిగుతుంటే వెనక గడియ పడిన చప్పుడైంది. కింద వీధిలో ఎండ మండిపోతోంది. కాసేపు నీడలో నిలబడి, తర్వాత బస్టాపు వైపు నడిచింది.